వకీలుగారి మేడలో అర నిమిషం

వకీలుగారి మేడలో మాట ఆగకూడదంటారు.

జగ్గయ్యపేట దాటి ముక్త్యాల వైపు వెళ్తుంటే, సిమెంటు లారీల దుమ్ము కాస్త పలచబడే చోట, రోడ్డుకి లోపలగా ఉంటుంది ఆ మేడ. చుట్టూ పత్తి చేలు. ముందు ఒక తుప్పు పట్టిన గేటు. పగలు చూస్తే పాత ఇల్లు, అంతే. పగలు చూసినవాళ్ళెవరూ దాని గురించి చెడుగా చెప్పలేదు. చెప్పినవాళ్ళంతా రాత్రి చూసినవాళ్ళే.

కట్టించినాయన నందిగామ కోర్టులో పెద్ద వకీలు. ఆయన లేచి గొంతెత్తితే ఎదుటి ప్లీడరు కాగితాలు సర్దుకునేవాడట. అలాంటి మనిషికి చివర్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. హాల్లో పడక్కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఏం కావాలన్నా చేతికర్రతో కుర్చీ చేతి మీద కొట్టేవాడు. టక్... టక్... మంచినీళ్ళకీ అదే, దుప్పటికీ అదే. ఒక రాత్రి ఇంటిల్లిపాదీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. ఆయన ఎంతసేపు కొట్టాడో ఎవరికీ తెలీదు. తెల్లారి చూస్తే కర్ర కింద పడి ఉంది.

అప్పట్నుంచీ ఆ హాల్లో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నంతసేపూ ఏమీ ఉండదు. అందరూ ఒక్కసారిగా ఊరుకున్నారో — ఇక వినిపిస్తుంది.

అందుకే అక్కడ కాపలా ఉండే తిరుపతిరావు చీకటి పడితే చాలు, ఫోన్లో ఏదో ఒకటి మోగిస్తూనే ఉంటాడు. భజనలు, పురుగుమందుల ప్రకటనలు, ఎవరివో ఉపన్యాసాలు. ఏం మోగుతోందన్నది ఆయనకి అనవసరం. మోగుతూ ఉండాలి, అంతే.

అలాంటి కొంపని వెతికి వెతికి టీవీ వాళ్ళు అద్దెకు తీసుకున్నారు. వాళ్ళ పనేమో పొద్దస్తమానం "సైలెన్స్!" అని అరవడం.

ఆ యూనిట్‌లో పనిచేసినాయనే నాకీ సంగతి చెప్పాడు. నేను సొంతంగా మసాలా ఏమీ దట్టించలేదు. దట్టిస్తే భయం పెరిగేదే గానీ ఇంత దిగులు ఉండేది కాదు.

*

నిఖిత అని ఒక అమ్మాయి. నందిగామ పిల్ల. వాళ్ళ నాన్న చెన్నకేశవరావు గారికి అక్కడ కిరాణా హోల్‌సేల్ కొట్టు. ఆ అమ్మాయి విజయవాడలో టీవీ, సినిమా పనులు నేర్పే కోర్సు చదువుతోంది. ఆఖరి ఏడాదిలో ఏదో ఒక సెట్లో ఇంటర్న్‌గా చేరి పని నేర్చుకుని రావాలి. క్లాసులో పిల్లలంతా డైరెక్షన్ కావాలని, కెమెరా కావాలని పోటీలు పడ్డారు. నిఖిత ఒక్కతే సౌండు అడిగింది.

ఎందుకూ అంటే, సౌండు వాళ్ళతో ఎవరూ మాట్లాడరు. వాళ్ళెప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఉంటారు. ఆమెకి కావలసింది కూడా అదే.

చెన్నకేశవరావు గారు ఆ వేసవిలో పోయారు. కొట్లోనే. ఎండుమిరపకాయలు తూకం వేయిస్తూ, బేరగాడితో ఏదో చెబుతూ చెబుతూ, మాట మధ్యలో పోయారు.

నిఖిత ఏడవలేదు. శవం దగ్గరా ఏడవలేదు, పెద్దకర్మ నాడూ ఏడవలేదు. వచ్చినవాళ్ళు ఆమె మొహం చూసి, పక్కకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. నాయనమ్మ సత్యనారాయణమ్మ అయితే గడ్డం పట్టుకుని బతిమాలింది.

"ఒక్కసారి ఏడువే తల్లీ. నీకు పుణ్యముంటుంది."

ఏడవాలనే ఉంది పాపం. రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుందే, అలా ఉండేది లోపల. గిల్లినా తెలిసేది కాదు. నొప్పి ఉందని తెలుసు, ఎక్కడుందో దొరికేది కాదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది. అన్న రాజ్‌కిరణ్ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాక, ఈమె తన బ్యాగు సర్దుకుని జగ్గయ్యపేట బస్సెక్కింది.

బ్యాగులో చిన్న పర్సు. పర్సులో చిటికెన వేలి గోరంత మెమరీ కార్డు. గుర్తు కోసం దాని మీద అంటించిన తెల్ల టేపు ముక్క.

ఆ కార్డు సంగతి చెప్పాలి.

చలికాలంలో కాలేజీ వాళ్ళు ఒక పనిచ్చారు. ఎవరింటి హాలు నిశ్శబ్దం వాళ్ళు అర నిమిషం రికార్డు చేసుకురావాలి. వినడానికి వెటకారంగా ఉంటుంది గానీ, ఆ పనిలో అది పెద్ద విషయం. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. రెండు మాటల మధ్య ఎడిటింగులో ఖాళీ వస్తే, అక్కడ అదే గది నిశ్శబ్దం తెచ్చి అతకాలి. అతక్కపోతే చొక్కాకి చిల్లు పడ్డట్టు తెలిసిపోతుంది.

కాలేజీ రికార్డరు తెచ్చుకుని ఆదివారం మధ్యాహ్నం నిఖిత హాల్లో కూర్చుంది. ఎదురుగా చెక్క కుర్చీలో నాన్న.

"నాన్నా, అర నిమిషం మాట్లాడకు."

"ఎందుకే?"

"మన హాలు నిశ్శబ్దం రికార్డు చేయాలి."

"ఓసి నీ! నిశ్శబ్దం రికార్డు చేయడానికా నేను ఫీజు కట్టింది?"

చెన్నకేశవరావు గారికి మాట్లాడకుండా ఉండటమంటే ఏకాదశి ఉపవాసం కంటే కష్టం. కొట్లో బేరగాళ్ళతో, ఇంట్లో గోడలతో, దారిలో కనపడ్డ ప్రతివాడితో ఆయనకి కబురే. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడంటే ఇక భోజనాల దాకా ఆగడు. కూతురు అడిగిందని ఆ అర నిమిషం పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. నోరు ఊరుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. వేలి ఉంగరంతో కుర్చీ చేతి మీద మెల్లగా కొడుతూనే ఉన్నాడు. టక్... టక్...

నిఖిత స్టాప్ నొక్కింది.

"అయిపోయిందా నిక్కీ? ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాడు. గొంతు సవరించుకుని మిరపకాయల రేటు దగ్గర మొదలుపెట్టి రాత్రి అన్నాలయ్యేదాకా ఆపలేదు. నిక్కీ అని ఆ ఇంట్లో ఆయనొక్కడే పిలుస్తాడు. మిగతావాళ్ళకి ఆమె నిఖితే.

ఆయన మాటలేవీ ఆ కార్డులో లేవు. స్టాప్ నొక్కాకే కదా ఆయన నోరు తెరిచింది!

ఆయన పోయాక ఇల్లంతా వెతికారు, ఎక్కడైనా ఆయన గొంతు దొరుకుతుందేమోనని. ఆయనది బటన్ల ఫోను. పెళ్ళి వీడియోలున్నాయి, వాటిలో నోరు కదులుతుంది, పైన సన్నాయి మోగుతుంది. అంత మాట్లాడిన మనిషిది ఒక్క మాట మిగల్లేదు. మిగిలిందల్లా నిఖిత కార్డులో అర నిమిషం. ఫ్యాను చప్పుడు, వీధిలో ఎవరిదో బండి, మధ్యలో ఆ ఉంగరం.

కాపీ చేసుకోవాలని రోజూ అనుకునేది. చేస్తే అది కూడా అన్ని ఫైళ్ళలో ఒక ఫైలైపోతుందేమో అనిపించి ఆగేది. రాత్రిళ్ళు చెవులకి పెట్టుకుని వినేది. ఏడుపు మాత్రం వచ్చేది కాదు.

*

మేడలో తీస్తున్నది ఒక చానెల్ కోసం టెలిఫిలిం. తర్వాత డబ్బింగు చెప్పించకుండా అక్కడికక్కడే మాటలు రికార్డు చేసే పద్ధతి. సౌండు చూసే ఆయన పేరు వీరేంద్ర. నడివయసు మనిషి, తక్కువ మాటలు. కొత్తగా వచ్చిన పిల్లని "అమ్మా" అని పిలిచి, చేతికి పొడవాటి గడకర్ర ఇచ్చాడు. దాని చివర మైకు ఉంటుంది. కెమెరాలో పడకుండా మాట్లాడేవాళ్ళ తల మీదుగా పట్టుకోవాలి. మొదటి రోజు సాయంత్రానికే భుజాలు పీకాయి. ఆ నొప్పి మాత్రం ఆమెకి తెలిసింది. హమ్మయ్య, ఏదో ఒకటి తెలుస్తోంది అనుకుంది.

నేర్చుకుంది. నటుల చొక్కా లోపల బొత్తాం మైకు ఎలా అంటించాలో, పట్టుచీర చప్పుడుకి మాట ఎలా పాడవుతుందో, కేబులు మెలి పడకుండా ఎలా చుట్టాలో. నేర్చుకున్నదేదీ మర్చిపోయేది కాదు. బుర్రలో వేరే ఏమీ లేకపోతే చోటు బాగానే ఉంటుంది మరి.

వీరేంద్ర గట్టిగా చెప్పినవి రెండే.

"కార్డు వెయ్యగానే ఫార్మాట్ కొట్టాలమ్మా. పాతదంతా తుడిచెయ్యాలి. లేకపోతే సరిగ్గా ముఖ్యమైన సీన్లో కార్డు నిండిపోద్ది. నువ్వు ఆలోచించకూడదు, చెయ్యే పోవాలి."

"సరే సార్."

"రెండోది. రికార్డింగు ఆఖర్న 'ఎండ్' అన్నాక వెంటనే స్టాప్ నొక్కకు. ఒక్క ఊపిరి ఆగు. తోక ఉండాలి."

"తోకెందుకు సార్?"

"ఎడిటర్ పట్టుకోడానికి."

అప్పుడు ఆమెకి ఇంట్లో తను స్టాప్ నొక్కిన తొందర గుర్తొచ్చింది. ఒక్క ఊపిరి ఆగి ఉంటే... ఏమనిపిస్తుందో చూద్దామని కాసేపు ఎదురుచూసింది. ఏమీ అనిపించలేదు. కేబులు చుట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మేడలో ఆఖరి రోజు వచ్చింది. తండ్రి పోయే సీను. హాల్లో వెయ్యడానికి పడక్కుర్చీ కావాల్సి వచ్చి విజయవాడ నుంచి అద్దెకి తెచ్చారు. కెమెరాకి బాగుంటుందని కిటికీ పక్కగా వేశారు. తిరుపతిరావు వచ్చి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అక్కడేశారేందండీ..."

వకీలుగారి కుర్చీ ఉండేది సరిగ్గా అక్కడేనట.

డైరెక్టరు భవానీప్రసాద్ నవ్వేశాడు. "మంచిదేగా, కుర్చీకి చోటు తెలుసు!"

సాయంత్రం టిఫిన్ల వేళ నిఖిత ఒక మూల కూర్చుని, యూనిట్ రికార్డరులో తన కార్డు వేసుకుని వింటోంది. టక్... టక్... ఇంతలో అసిస్టెంట్ డైరెక్టర్ కల్యాణ్ కేక పెట్టాడు. "సౌండ్ రెడీనా?" గబుక్కున కార్డు తీసింది. పర్సు పైన గదిలో ఉండిపోయింది. చేతికందిన రికార్డరు పౌచ్‌లో కార్డు పడేసి, గడకర్ర పట్టుకుని పరిగెత్తింది.

తర్వాత తీసి దాచుకుందామనుకుంది. ఆ తర్వాత పని మీద పని వచ్చి పడింది. మర్చిపోయింది.

సీను బాగా వచ్చింది. ముసలి నటుడు కుర్చీలో తల వాల్చేశాడు. కూతురు వేషం వేసిన అమ్మాయి గుండెలు బాదుకుని ఏడ్చింది. లైట్లబ్బాయి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నిఖిత మాత్రం ఆ ఏడుపు మైకులో ఎక్కడ పగులుతోందో జాగ్రత్తగా విన్నది.

"హాలు రూమ్ టోన్ కావాలండీ," అన్నాడు వీరేంద్ర. "అందరూ అర నిమిషం ఊరుకోవాలి."

తిరుపతిరావు గుమ్మంలోంచి చేతులడ్డం పెట్టాడు. "వద్దండీ! అందరూ ఒక్కసారి నోరు మూసుకోవద్దు. ఎవరో ఒకళ్ళు మాట్టాడతానే ఉండండి. మీకు పుణ్యముంటది."

యూనిట్ అంతా ఘొల్లుమంది. నవ్వు ఆగేసరికి టైమైపోయింది. భవానీప్రసాద్ "ప్యాకప్!" అనేశాడు. "అందరూ వెళ్ళాక తీసుకోండి వీరేంద్రా. మీకే ప్రశాంతంగా ఉంటుంది."

*

లైట్లు దింపేశారు. బళ్ళు ఒక్కొక్కటీ జగ్గయ్యపేట లాడ్జికి బయల్దేరాయి. ఆ రోజు రికార్డు చేసిన కార్డులు కల్యాణ్ పట్టుకుపోయాడు. గేటు బయట సౌండు వ్యాను ఒక్కటే మిగిలింది. వీరేంద్ర మైకులు పెట్టెల్లో సర్దుతున్నాడు.

"నువ్వెళ్ళి తీసుకురా అమ్మా. ఇదే నీ పరీక్ష అనుకో. పౌచ్‌లో ఖాళీ కార్డుంది, వేసుకో." పెట్టె మూత వేస్తూ తలెత్తాడు. "భయమెయ్యదుగా?"

"వెయ్యదు సార్."

గొప్పకి అన్నది కాదు. నిజంగానే వెయ్యదు. భయం వెయ్యాలన్నా లోపల ఎవరో ఒకరు ఉండాలిగా.

గేటు దగ్గర తిరుపతిరావు ఎదురొచ్చాడు. చేతిలో ఫోన్లో ఎవరో భజన పాడుతున్నారు.

"ఒక్కరే ఎల్తారా అమ్మాయిగారూ?"

"అర నిమిషమే బాబాయ్. ఆ ఫోను ఒక్కసారి ఆపండి."

"ఆపనండీ. ఏమనుకోవద్దు."

"అయితే కాస్త దూరంగా వెళ్తారా?"

తిరుపతిరావు ఆమె మొహం కేసి చూశాడు. రోడ్డు వైపు నడిచాడు. భజన చిన్నదై... చిన్నదై... చేల అవతలకి పోయింది.

హాల్లో చీకటి. చేతిలో టార్చి. నేల మీద టేపు గుర్తులు, విరిగిన టీ కప్పు. కిటికీ పక్కన కుర్చీ. దాన్ని రేపు పట్టుకెళ్తారట. గుడ్డ మధ్యలో కిందికి సాగి ఉంది. ఎంతమంది కూర్చున్న పాత కుర్చీయో, సాగక ఏం చేస్తుంది.

నిఖిత హాలు మధ్యలో స్టాండు వేసి మైకు బిగించింది. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని పౌచ్‌లో చెయ్యి పెట్టింది. కార్డు తగిలింది. వేసింది. మూత మూసింది. తెర వెలిగింది.

చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఫార్మాట్. చెరిపెయ్యమంటారా? అవును.

టార్చి ఆర్పింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. రికార్డు నొక్కింది.

"వకీలుగారి మేడ. హాలు. రూమ్ టోన్."

ఇక మాట్లాడలేదు.

మొదట కీచురాళ్ళు. తర్వాత ఎక్కడో హైవే మీద లారీ. ఆ తర్వాత లారీ పోయింది. కీచురాళ్ళు కూడా — ఎవరో చెయ్యెత్తి ఆపమన్నట్టు — ఆగిపోయాయి.

ఏమీ లేదు.

ఇంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. చెవుల్లో తన రక్తం పారుతున్నట్టుంది.

అప్పుడు...

టక్.

ఊపిరి బిగబట్టింది.

టక్... టక్...

కిటికీ వైపు నుంచి. కుర్చీ ఉన్న వైపు నుంచి.

వకీలుగారి కథ ఆమె విన్నదే. పరిగెత్తాలని తెలుసు. కాళ్ళు కదల్లేదు, కదలాలనీ అనిపించలేదు. నేర్చుకున్న చెవి మాత్రం పని చేస్తూ ఉంది. కర్ర మీద కర్ర పడితే చప్పుడు మొద్దుగా ఉంటుంది. ఇది అలా లేదు. సన్నగా, గట్టిగా ఉంది. చెక్క మీద ఏదో లోహం తగులుతోంది.

టక్... టక్...

గాలికి కుర్చీ మేకు కదులుతోందేమో అనుకుంది. గాలి లేదు.

అర నిమిషం అయ్యింది. "రూమ్ టోన్ ఎండ్," అంది. హెడ్‌ఫోన్స్ మెడ మీదకి లాక్కుంది. సార్ చెప్పినట్టు ఒక్క ఊపిరి ఆగింది. స్టాప్ నొక్కింది.

బయట కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

సామాను సర్దుకుని, కుర్చీ వైపు చూడకుండానే బయటికొచ్చేసింది.

*

వీరేంద్ర వ్యాను వెనక తలుపు తెరిచి, పెట్టె మీద కూర్చుని రికార్డింగు వింటున్నాడు. సగం దాకా మామూలుగానే ఉన్నాడు. తర్వాత కళ్ళు చిట్లించాడు. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు.

"హాల్లో ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరు సార్. కుర్చీ చప్పుడు అనుకుంటా."

ఆయన మిగతాది కూడా చివరిదాకా విన్నాడు. హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే, ఏ కార్డు వాడిందో చూద్దామని మూత తెరిచి చూశాడు. "ఇదేంటి, తెల్ల టేపుంది? మన కార్డుకి టేపు లేదే."

నిఖిత వంగి చూసింది.

చూస్తూ ఉండిపోయింది. తను అంటించిన టేపే. ఒక మూల లేచి, మురికి పట్టి ఉంది.

"నాదే సార్."

"ఫార్మాట్ కొట్టావా?"

"కొట్టా."

"ఏముంది దీంట్లో?"

"మా హాలు సార్." ఆమె గొంతు ఎవరో వార్తలు చదువుతున్నట్టుంది. "మా నాన్న కూర్చున్న హాలు. అర నిమిషం. ఆయన లేరు ఇప్పుడు."

వీరేంద్రకి అర్థమైంది. ఆ పనిలో ఉన్నవాడు కాబట్టి పూర్తిగా అర్థమైంది. తుడిచేసినా, దాని మీద మరేదీ రికార్డు చెయ్యకుండా ఉంటే, వెనక్కి తెచ్చే దారులుంటాయి. ఈ పిల్ల దాని మీదే రికార్డు చేసింది. అర నిమిషం మీద సరిగ్గా అర నిమిషం. తండ్రి నిశ్శబ్దం పోయి, అక్కడ వకీలుగారి మేడ నిశ్శబ్దం వచ్చి కూర్చుంది.

నిఖిత తనకి ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆఖరికి ఇది కూడా పోయింది, అయినా రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇక ఈ జన్మకి రాదేమో అనుకుంది.

"సారీ సార్," అంది.

"నాకెందుకమ్మా సారీ..." వీరేంద్ర కార్డు మూత మెల్లగా మూశాడు. ఏదో అడగాలా వద్దా అన్నట్టు ఆమెని చూశాడు. "చివరిదాకా విన్నావా నువ్వు?"

"ఎండ్ అని హెడ్‌ఫోన్స్ తీసేశా."

"తోకలో ఏదో ఉంది."

"ఏముంది సార్?"

ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"నిక్కీ ఎవరు?"

వ్యాను లోపల చిన్న బల్బు వెలుగుతోంది. దాని చుట్టూ పురుగులు. నిఖిత చెయ్యి చాపింది. వీరేంద్ర హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చాడు.

వకీలుగారి మేడ. హాలు. రూమ్ టోన్. తన గొంతే. కీచురాళ్ళు. లారీ. ఏమీ లేకపోవడం. టక్... టక్... ఇప్పుడు తెలిసింది. ఇన్ని నెలలుగా ప్రతి రాత్రీ విన్న చప్పుడు అది. హాల్లో నిలబడి విన్నప్పుడు ఎందుకు పోల్చుకోలేదో ఆమెకే తెలీదు. తిమ్మిరెక్కిన చెయ్యి తన చెయ్యే అయినా పరాయిదానిలా ఉంటుంది కదా, అలాగే అయ్యుంటుంది.

రూమ్ టోన్ ఎండ్. మళ్ళీ తన గొంతు.

ఒక్క ఊపిరి.

ఆ ఊపిరిలో — కుర్చీ వైపు నుంచి, మెల్లగా, అడిగి మాట్లాడే మనిషిలా —

"అయిపోయిందా నిక్కీ? ఇప్పుడు మాట్లాడొచ్చా?"

ఫైలు అక్కడితో ఆగిపోయింది.

"మాట్లాడు నాన్నా," అంది నిఖిత హెడ్‌ఫోన్స్‌లోకి. వీరేంద్ర విన్నాడు ఆ మాట. "మాట్లాడు... మాట్లాడు నాన్నా." తెర మీద ఏమీ కదల్లేదు.

అప్పుడు వచ్చింది ఏడుపు. తిమ్మిరి విడిచేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుందే, అలా ఒళ్ళంతా పొడుచుకుంటూ వచ్చింది. నోరు మూసుకున్నా ఆగలేదు. చీకట్లో మేడ వైపు పరిగెత్తింది. వీరేంద్ర వెనకే పరిగెత్తాడు.

గేటు దగ్గర తిరుపతిరావు. చేతిలో భజన.

"బాబాయ్... ఆపండి. ఒక్కసారి ఆపండి బాబాయ్."

తిరుపతిరావు ఆ పిల్ల మొహంలోకి చూశాడు. గంట క్రితం ఏమీ లేని మొహం. ఇప్పుడు అంతా ఉంది. ఆయన వెనక్కి తిరిగి మేడని చూశాడు, చేతిలో ఫోన్ని చూశాడు. ఆ కాపలాకి వచ్చినప్పట్నుంచీ ఒక్క రాత్రి కూడా ఆపలేదాయన.

ఆపాడు.

ముగ్గురూ గేటు దగ్గర నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. కీచురాళ్ళు ఆగాయి.

"అయిపోయింది నాన్నా," అంది నిఖిత, ఏడుస్తూనే. "ఇప్పుడు మాట్లాడు."

చీకట్లో, హాల్లో, కిటికీ పక్కన... ఎవరో గొంతు సవరించుకున్నారు.